వరి ఆకులో గెంతే డీఎన్‌ఏ

(యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో దోహా నగరం అల్ సద్‌లో జరిగిన తెలుగువారి సభలో చేసిన ఉపన్యాస పాఠం)



సుబ్బారావు గారి పేరున మాట్లాడుతున్నానంటే మందుల గురించే చెబుతానని మీలో చాలామంది అనుకొని ఉంటారు. నేను వరి తెగుళ్ల మనిషిని. ఆకుల్లో, వేళ్లలో కాపురముండే బ్యాక్టీరియాతోనే నా పనంతా. అయినా ఈ పిలుపు రాగానే ఒప్పుకున్నాను. సుబ్బారావు గారి ప్రయోగశాలలో పుట్టిన మందుల కుటుంబం ఒకటి ఆస్పత్రి గడప దాటి మన గోదావరి చేల దాకా వచ్చింది. అక్కడ దానికి ఎదురుపడిన సూక్ష్మజీవి గురించి, ఆ జీవి లోపల చోటు మార్చుకుంటూ తిరిగే డీఎన్‌ఏ ముక్కల గురించి ఈ సాయంత్రం చెబుతాను.

ఆయన జీవితం మీకు తెలిసిందే కనుక రెండు మూడు మాటలతో ముందుకు పోతాను. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుజబ్బు కొద్ది రోజుల తేడాలో పొట్టన పెట్టుకుంది. 1923లో బోస్టన్ చేరారు. ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి, ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ ఆయన హార్వర్డ్ రోజులవి. 1940లో లెడర్లీ కంపెనీకి మారాక ఆయన నడిపించిన బృందాలు ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశాయి, బోదకాలు మందును తెచ్చాయి, 1948లో ఆరియోమైసిన్‌ను లోకానికి చూపించాయి. టెట్రాసైక్లిన్ మందులన్నిటికీ అదే పెద్దక్క. ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపి ఇస్తే స్ప్రూ నయమవుతుందని ఈనాటి వైద్యులు చెబుతారు. ఆయన ఇంట్లో ఇద్దరిని తీసుకుపోయిన జబ్బుకు రెండు మందులూ ఆయన ప్రయోగశాలల నుంచే వచ్చాయన్నమాట. 1948 ఆగస్టులోనే, 53 ఏళ్లకు, ఆయన కన్నుమూశారు.

ఆరియోమైసిన్ కథలో మొక్కల శాస్త్రవేత్తలు గర్వంగా చెప్పుకునే సంగతి ఒకటుంది. దాన్ని వెలికితీసిన బెంజమిన్ డగ్గర్ మొక్కల తెగుళ్ల నిపుణుడు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసి, డెబ్బై దాటిన వయసులో లెడర్లీలో చేరారు. ఊళ్ల నుంచి, పొలాల నుంచి తెప్పించిన మట్టి నమూనాలను ఒక్కొక్కటిగా జల్లెడ పట్టారు. వాటిలో మిస్సోరీ విశ్వవిద్యాలయపు శాన్‌బార్న్ ఫీల్డ్ అనే పాత ప్రయోగ క్షేత్రంలో పశుగ్రాసం పెరిగిన మడి మట్టి ఉంది. బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి అందులో దొరికింది. మందు ఇచ్చింది అదే. చేను మట్టిలోంచి పైకొచ్చిన మందు చివరికి చేనుకే వెళ్లిందని గుర్తుంచుకోండి.

మీలో కోనసీమ వాళ్లున్నారు, నిజామాబాద్, జగిత్యాల వాళ్లున్నారు. ఇంటి దగ్గర ఇప్పటికీ వరి వేసే కుటుంబాలే ఎక్కువ. స్ట్రెప్టోసైక్లిన్ పొట్లం మీకు కొత్త కాదు. ఎండాకు తెగులు కనపడగానే మందుల కొట్టువాడు కాపర్ ఆక్సీక్లోరైడ్‌తో పాటు చేతిలో పెడుతూ వచ్చిన చిన్న పొట్లం. అందులో 90 పాళ్లు స్ట్రెప్టోమైసిన్, 10 పాళ్లు టెట్రాసైక్లిన్. ఆ 10 పాళ్లలోనే సుబ్బారావు గారి వారసత్వం ఉంది.

తెగులు సోకిన చేను గట్టు మీద నుంచే తెలుస్తుంది. ఆకు కొన దగ్గర మొదలైన పసుపు గీత అంచు వెంబడి వంకర టింకరగా కిందికి దిగుతుంది. తరవాత అది గడ్డి రంగుకు తిరిగి ఎండిపోతుంది. తెల్లవారుజామున మంచు ఆరకముందు చేలోకి దిగితే ఆ గీత మీద తెల్లటి బిందువులు కనిపిస్తాయి. పొద్దెక్కేసరికి అవి ఆవగింజకన్నా చిన్న పసుపు పూసలుగా గట్టిపడతాయి. నమ్మకం కుదరకపోతే రైతే చేసుకోగల పరీక్ష ఉంది. గాజు గ్లాసులో తేటనీళ్లు పోసి, పచ్చ, పసుపు కలిసే చోట ఆకును కత్తిరించి, కోసిన కొస మునిగేట్టు నిలబెట్టాలి. కాసేపట్లో ఆ కొస నుంచి సన్నటి పాలధార జారి నీళ్లు మసకబారతాయి. ఆ మసకంతా జాంథోమొనాస్ ఒరైజే అనే బ్యాక్టీరియా. ఆకు అంచున నీరు చెమర్చే రంధ్రాల గుండా, గాలివానకు ఆకులు రాసుకొని పడిన గాట్ల గుండా అది లోపలికి చేరుతుంది. నీళ్లు మోసే నాళాల్లో పెరిగి వాటిని మూసేస్తుంది. యూరియా మోతాదు మించిన చేలో దాని ఉధృతి ఇంకా ఎక్కువ. 1963లో బీహార్‌లోని షాహాబాద్ జిల్లాలో అది విరుచుకుపడినప్పటి నుంచి దేశం మొత్తానికి దీని భయం పట్టుకుంది.

గ్లాసులోకి జారిన ఆ ధారలో కణాలతో పాటు గంజిలా జిగటగా ఉండే చక్కెర పదార్థం ఉంటుంది. బ్యాక్టీరియా దాన్ని తన చుట్టూ స్రవిస్తుంది. నాళాలు పూడుకుపోవడానికి, మొక్క లోపల బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి ఆ జిగటే ఆసరా. మీకు ఇది అపరిచితమైన వస్తువేమీ కాదు. దీని దగ్గరి చుట్టం క్యాబేజీ మీద బతికే జాంథోమొనాస్. దాని జిగటను కర్మాగారాల్లో తయారుచేసి జాంథన్ గమ్ పేరుతో అమ్ముతారు. ఈ వీధిలో ఏ సూపర్‌మార్కెట్‌కు వెళ్లినా సాస్ సీసా మీద, ఐస్‌క్రీమ్ డబ్బా మీద ఈ415 అని ఉంటుంది, అదే ఇది. చమురు, గ్యాస్ బావులు తవ్వేటప్పుడు బురద ద్రవాన్ని చిక్కబరచడానికీ దీన్ని వాడతారు. డ్రిల్లింగ్ పనిలో ఉన్నవారు దాని బస్తాలు చూసే ఉంటారు.

అసలు కథ హైదరాబాదులో, హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో మొదలవుతుంది. రమేశ్ వి. సొంటి గారి బృందం అక్కడ ఎండాకు తెగులు బ్యాక్టీరియా మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఈ బ్యాక్టీరియాను పెంచే ప్రతి ప్రయోగశాలకూ ఒక చికాకు అనుభవమే. తాజాగా పెంచి పళ్లెంలో పరిస్తే పసుపుపచ్చగా మెరిసే ఉబ్బెత్తు కాలనీలు వస్తాయి. అదే కల్చర్‌ను పెరుగుదల ఆగిపోయాక కూడా రోజుల తరబడి వదిలేసి మళ్లీ పరిస్తే, మెరిసే వాటి మధ్య మెరుపు లేని, ఎండిన అట్టల్లాంటి కాలనీలు లెక్కకు మిక్కిలిగా కనిపిస్తాయి. వాటిని వరి ఆకు మీద గుచ్చి చూస్తే తెగులు రాదు. జిగట పోయింది, దానితో పాటు తెగులు పుట్టించే శక్తీ పోయింది.

ఆర్. రాజేశ్వరి, సొంటి గారు కలిసి దీని కారణాన్ని పట్టుకున్నారు. 2000లో జర్నల్ ఆఫ్ బ్యాక్టీరియాలజీలో ఆ పని అచ్చయింది. జిగట తయారీకి కావలసిన జన్యువులన్నీ ఈ బ్యాక్టీరియాలో ఒకే వరుసలో ఉంటాయి. ఆ వరుసలో చివరిది గమ్ఎమ్. జిగట పోయిన కణాల్లో గమ్ఎమ్ నడుమ ఒక పరాయి ముక్క దూరి ఉంది. నిజానికి అది పరాయిది కాదు. అదే బ్యాక్టీరియా క్రోమోజోమ్‌లో ఇంకెన్నో చోట్ల అలాంటి ప్రతులు ఉన్నాయి. అలాంటివి రెండు రకాలు దొరికాయి. ఐఎస్‌ఎక్స్‌ఓ1, ఐఎస్‌ఎక్స్‌ఓ2 అని పేర్లు పెట్టారు. కొన్ని కణాల్లో ఒకటి, మరికొన్నింటిలో ఇంకొకటి గెంతి వచ్చి గమ్ఎమ్‌ను విరగ్గొట్టాయి. ఇంతకుముందు ఎవరూ వర్ణించని ఈ రెండు గెంతే ముక్కలూ మన హైదరాబాదులో, మన వరి తెగులులో బయటపడ్డాయన్నది నాకు ఎంతో ఇష్టమైన విషయం. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఇది ఉండవలసింది.

వీటిని ఇన్‌సర్షన్ సీక్వెన్సులు అంటారు. జీవలోకంలో ఇంతకంటే క్లుప్తమైన నిర్మాణం అరుదు. సుమారు 700 నుంచి 2,500 డీఎన్‌ఏ అక్షరాల పొడవు. లోపల తరచుగా ఒకే జన్యువు. ఆ జన్యువు తయారుచేసే ట్రాన్స్‌పోజేస్ అనే ఎంజైముకు ఒకటే పని: తన ముక్క రెండు కొసలను గుర్తుపట్టి, డీఎన్‌ఏను కోసి, మరోచోట అతికించడం. ఆ రెండు కొసల్లోనూ ఒకే అక్షరక్రమం ఎదురెదురుగా తిరగేసి రాసి ఉంటుంది. కొన్ని రకాలు పాత చోటును వదిలి కొత్త చోటికి పోతాయి. కొన్ని పాత చోటులో ఉండగానే ఇంకో ప్రతిని పుట్టిస్తాయి. దిగిన చోట ఇరువైపులా కొద్ది అక్షరాలు రెండేసిసార్లు పడతాయి. క్రమాన్ని చదివేవాళ్లు ఆ జంట అక్షరాలను చూసి, ఇక్కడ గెంతు జరిగిందని చెప్పగలుగుతారు.

గెంతే డీఎన్‌ఏను మొదట పట్టుకున్నది మొక్కలోనే. బార్బరా మెక్లింటాక్ మొక్కజొన్న గింజల మీది రంగు మచ్చలను ఏళ్ల తరబడి చదివి 1940ల చివర్లో ఆ మాట చెప్పారు. 1951లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సులో వివరించినా తోటివాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. 1960ల చివర్లో కొలోన్‌లో పీటర్ స్టార్లింగర్, హైంజ్ సేడ్లర్, విడిగా జేమ్స్ షపీరో, ఈ.కోలై బ్యాక్టీరియాలో గాలక్టోజ్ జన్యువులు మూగబోవడానికి కారణం వెతుకుతుంటే అలాంటి ముక్కలే దొరికాయి. అప్పటి నుంచి మెక్లింటాక్ మాటకు విలువ పెరుగుతూ వచ్చింది. 81 ఏళ్ల వయసులో, 1983లో ఆమెకు నోబెల్ ఇచ్చారు.

మళ్లీ వరి దగ్గరికి వద్దాం. 2005 నుంచి ఎండాకు తెగులు బ్యాక్టీరియా జీనోమ్‌లను, అంటే మొత్తం డీఎన్‌ఏ క్రమాలను, పూర్తిగా చదవడం మొదలైంది. ముందు కొరియా, జపాన్ రకాలవి, 2008లో ఫిలిప్పీన్స్‌కు చెందిన పీఎక్స్‌ఓ99ఏ రకానిది. దాదాపు 50 లక్షల అక్షరాల జీనోమ్‌లో గెంతే ముక్కలు వందల్లో ఉన్నాయి. పీఎక్స్‌ఓ99ఏలో 2,12,000 అక్షరాల పొడవైన భాగం ఒకటి పక్కపక్కనే రెండుసార్లు, దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఉంది. మిగతా రెండు రకాల్లో ఆ జంట లేదు. ఒకే రకం ముక్క క్రోమోజోమ్‌లో రెండు చోట్ల ఉంటే, ఆ రెంటి మధ్య డీఎన్‌ఏ తెగి కలుసుకొని, నడుమ భాగం తలకిందులు కావచ్చు, ఊడిపోవచ్చు, రెట్టింపు కావచ్చు. అంటే ఈ ముక్క గెంతకుండా ఊరికే పడి ఉన్నా జీనోమ్‌ను కుదిపే శక్తి దానికుంది.

ఇందులో మేలెంత, చేటెంత అని నన్ను అడుగుతుంటారు. బ్యాక్టీరియా పన్నాగం పన్ని జన్యువులను మార్చుకుంటుందనడం నాకు సమ్మతం కాదు. గెంతుల్లో ఎక్కువ భాగం ఆ కణానికే నష్టం. గమ్ఎమ్ విరిగిన కణం చేలో తెగులు పుట్టించలేదు. అయితే ఒక్క ఎండిన ఆకులో కోట్ల కణాలుంటాయి. ఒక కణంలో గెంతు ఎంత అరుదైనా, కోట్లలో రోజూ కొన్ని గెంతుతూనే ఉంటాయి. తిండి అయిపోయిన పాత కల్చర్‌లో జిగట తయారీ ఖర్చు తప్పిన కణానికి కాస్త వెసులుబాటు దొరకవచ్చు. అందుకే అలాంటివి అక్కడ పోగవుతాయని నా నమ్మకం. పరిస్థితి మారినప్పుడు ఏదో ఒక మార్పు అప్పటికే ఎక్కడో సిద్ధంగా ఉంటుంది. చేలో మనం చేసే ప్రతి పనీ ఆ కోట్ల కణాల్లో కొన్నింటిని ఏరి పెంచుతుంది. నేను ఈ సభకు చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే.

మందు పిచికారీ సంగతి ఇప్పుడు చూడండి. ఈ ముక్కలకు ఇంకొక గుణం ఉంది. ఒకే రకానివి రెండు ఒక జన్యువుకు అటూ ఇటూ చేరితే, ఆ రెండూ కలిసి నడుమ జన్యువును వెంటబెట్టుకొని గెంతగలవు. టెట్రాసైక్లిన్‌ను తట్టుకొనే జన్యువుకు ఇరుపక్కలా ఐఎస్10 అనే ముక్కలు చేరిన జతకు టీఎన్10 అని పేరు. సుమారు 9,000 అక్షరాల పొడవు. 1950లలో జపాన్‌లో జిగట విరేచనాల బ్యాక్టీరియా ఒక్కసారే నాలుగు మందులకు లొంగకుండా పోయినప్పుడు, ఆ నిరోధకతను మోసిన ప్లాస్మిడ్‌లు అనే చిన్న డీఎన్‌ఏ వలయాల మీద ఇది దొరికింది. ఆరియోమైసిన్ వచ్చి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు.

మొక్కల వైపు ఇదే కథ అమెరికా ఆపిల్ తోటల్లో జరిగింది. ఆపిల్, పియర్ కొమ్మలను మాడ్చే ఎర్వీనియా తెగులుకు అక్కడ 1950ల నుంచి స్ట్రెప్టోమైసిన్ చల్లారు. 1990 నాటికి మిషిగన్‌లో మందు పనిచేయడం మానేసింది. ఆ బ్యాక్టీరియాలో టీఎన్5393 అనే గెంతే మూట ఉన్నట్టు 1993లో తేలింది. అందులో స్ట్రెప్టోమైసిన్‌ను చెడగొట్టే రెండు జన్యువులున్నాయి, వాటికి ఎగువన ఐఎస్1133 అనే ముక్క దూరి వాటి చేత మరింత గట్టిగా పని చేయించింది. ఆ రెండు జన్యువులూ మనుషుల, పశువుల బ్యాక్టీరియాలో అంతకుముందే చూసినవే. చైనా వరి చేలల్లో స్ట్రెప్టోమైసిన్‌కు లొంగని ఎండాకు తెగులు రకాలూ బయటపడ్డాయి. చేనుకు, ఆస్పత్రికి మధ్య గోడ ఉందని మనం అనుకుంటాం. ఈ ముక్కలకు ఆ గోడ లేదు. 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ మిశ్రమం తయారీని, దిగుమతిని 2022 ఫిబ్రవరి 1 నుంచి, సాగులో వాడకాన్ని 2024 జనవరి 1 నుంచి నిషేధించే ఉత్తర్వు వెలువరించింది. నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మానాన్నలకు ఈ ఒక్క సంగతి చెప్పండి: అటక మీద పాత పొట్లం మిగిలి ఉంటే చల్లవద్దు.

బ్యాక్టీరియా అంటే శత్రువులే అని అనుకోకండి. వేరుశనగ వేర్ల మీద బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే రైజోబియం జాతుల్లోనూ గెంతే ముక్కలకు కొదవలేదు. సోయా చిక్కుడు మీద ఉండే బ్రాడీరైజోబియం అనే అలాంటి బ్యాక్టీరియాలో, బుడిపె కట్టే జన్యువులన్నీ 6,81,000 అక్షరాల ద్వీపంగా ఒకచోట ఉంటాయి. 2002లో దాని జీనోమ్ చదివితే గెంతే ముక్కల్లో అధికభాగం ఆ ద్వీపంలోనే కనిపించాయి. న్యూజిలాండ్‌లో 1995లో ఇంకా ఆశ్చర్యకరమైనది చూశారు. విత్తనంతో పాటు వేసిన రైజోబియంలోని అలాంటి ద్వీపం మొత్తం పొలం మట్టిలో అప్పటికే ఉన్న బ్యాక్టీరియాలోకి వెళ్లి, వాటికీ బుడిపెలు కట్టే విద్య అబ్బింది. అనంతపురం రైతు విత్తనానికి పట్టించే రైజోబియం కల్చర్ పొట్లం ఎన్నాళ్లు అదే గుణంతో ఉంటుందన్న ప్రశ్నకు దీనితో సంబంధం ఉంది. అది ఇంకో ఉపన్యాసానికి తగిన విషయం.

మందు పోతే రైతుకు మిగిలేదేమిటి? దీనికీ జవాబు హైదరాబాదే ఇచ్చింది. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన బీపీటీ 5204, మనం సాంబ మసూరి అనేది, రుచికి సాటిలేనిది, ఎండాకు తెగులుకు మాత్రం సులువుగా లొంగేది. సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంచాలకాలయం కలిసి ఆ అన్నం గుణం చెడకుండా మూడు నిరోధక జన్యువులను అందులోకి సంకరంతో తెచ్చాయి. 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదలైంది. డీఎన్‌ఏ గుర్తులను చూసి మొక్కలను ఏరుకున్నారే తప్ప, ప్రయోగశాలలో జన్యువును చొప్పించలేదు.

ఆ మూడు జన్యువులు మూడు దారుల్లో పనిచేస్తాయి. ఎక్స్‌ఏ21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది, బ్యాక్టీరియా స్రవించే ఒక చిన్న ప్రోటీన్‌ను గుర్తుపట్టి మొక్కను మేలుకొలుపుతుంది. రెండోది ఎక్స్‌ఏ13. బ్యాక్టీరియా తన ప్రోటీన్‌ను వరి కణంలోకి పంపి చక్కెర బయటికి వదిలే జన్యువును తెరిపించుకుంటుంది. ఎక్స్‌ఏ13 ఉన్న మొక్కలో ఆ ప్రోటీన్ కూర్చోవలసిన చోటే మారిపోయి ఉంటుంది. ఎక్స్‌ఏ5 అలాంటి ప్రోటీన్లు ఆసరా చేసుకొనే వరి యంత్రాంగంలోనే చిన్న మార్పు. ఒక్క ఎక్స్‌ఏ21 మాత్రమే ఉన్న చేలో, గుర్తుపట్టే ఆ చిన్న ప్రోటీన్ మారిన కణం ఒక్కటుంటే చాలు, అదే పెరుగుతుంది. అలాంటి రకాలు మన దేశంలోనూ దొరికాయి. మూడూ కలిసి ఉన్న చేలో నెగ్గాలంటే ఒకే కణంలో మూడు వేర్వేరు మార్పులు జరగాలి, అవి జరిగాక కూడా దానికి తెగులు పుట్టించే శక్తి మిగలాలి. కోట్ల కణాలలోనూ అది అరుదు. అలాగని ఎన్నటికీ జరగదనలేం. 2,12,000 అక్షరాలను ఒక్క దెబ్బకు రెట్టింపు చేసుకోగలిగిన జీనోమ్‌తో మన వ్యవహారం. కనుక చేలో బ్యాక్టీరియాను ఏటా సేకరించి, దాని జీనోమ్ చదివి, గెంతే ముక్కలు ఎక్కడెక్కడ దిగాయో గమనిస్తూ ఉండాలి.

ఆ పని ఇప్పుడు ఖరీదైనదేమీ కాదు. ఇక్కడికి కొద్ది దూరంలోని ఎడ్యుకేషన్ సిటీలో వైల్ కార్నెల్ శాస్త్రవేత్తలు ఖర్జూరపు చెట్టు జీనోమ్‌ను చదివి 2011లో ప్రచురించారు. వరి బ్యాక్టీరియా జీనోమ్ దానికంటే ఎన్నో పదుల రెట్లు చిన్నది. ఈ ఊళ్లో చదువుకుంటున్న మన పిల్లల్లో ఒకరిద్దరైనా ఈ దారి పట్టాలని గట్టిగా కోరుకుంటున్నాను.

వరి వైపు వెతుకులాట ఆగలేదు. రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు ఒరైజా నివారా అనే అడవి వరిలో ఎక్స్‌ఏ33 అనే మరో నిరోధక జన్యువును గుర్తించారు. చెరువు గట్ల వెంట, గుంటల్లో తనంతట తాను మొలిచే వరి అది. గింజ పండీ పండకముందే రాలిపోతుంది కనుక ఎవరూ కోయరు. ఇప్పుడు దానిలోని ఆ జన్యువును మనం తినే రకాల్లోకి తెస్తున్నారు.